ముత్తాత ఇంటిపేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటే ఆయన్ను ఎలా వెతకాలి?

మీ ప్రశ్న ఇదీ: 1932 నాటి క్రయ దస్తావేజులో ముత్తాతగారి పేరు ‘యర్రంశెట్టి వెంకయ్య’ అని ఉంది. ఇంగ్లీషులో ఉన్న పాత పట్టా నకలులో అదే పేరు ‘యెరమ్‌చెట్టి’ అని చదవాల్సి వస్తోంది. తాతగారి బడి రిజిస్టరులో ‘ఎర్రంసెట్టి’. నాయనమ్మగారు తన భారతం పుస్తకం అట్టమీద బండి ఱ పెట్టి ‘ఎఱ్ఱంశెట్టి’ అని రాసుకున్నారు. ఊరు గోదావరి డెల్టాలో, పాత అమలాపురం తాలూకాలో. ఇవన్నీ ఒకే ఇంటివేనా, అయితే వెంకయ్యగారి తండ్రి, తాతల దాకా వెళ్లడం ఎలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఈ నాలుగూ ఒకే ఇంటిపేరు. ఆ తేడాల్లో అనుమానించాల్సింది ఏమీ లేదు. కానీ ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడే అని తేలిపోదు. పేరును పట్టుకుని వెతక్కండి, భూమిని పట్టుకుని వెతకండి. ఊరు, సర్వే నంబరు, తండ్రి పేరు, పొలం హద్దులు, ఈ నాలుగూ స్థిరంగా పెట్టుకుని ఇంటిపేరును ఎలా ఉంటే అలా ఉండనివ్వండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ‘సరైన’ స్పెల్లింగు ఏదో ముందే నిర్ణయించుకుని, దానికి సరిపోని కాగితాలన్నీ పక్కన పెట్టేస్తారు. అసలు కావలసిన కాగితం ఆ పక్కన పెట్టిన వాటిలోనే ఉండిపోతుంది.

తేడాలు ఎందుకు వస్తాయి

ఇది తెలిస్తే ఏ అక్షరం కింద వెతకాలో తెలుస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటిది, మాట మొదట్లో వచ్చే అచ్చు. ఎ, ఏ లతో మొదలయ్యే మాటను నోటితో అనేటప్పుడు ముందు య వినిపిస్తుంది. ఉ, ఊ, ఒ, ఓ లకు ముందు వ వినిపిస్తుంది. కరణం విన్నది విన్నట్టు రాస్తే ఎర్రంశెట్టి యెర్రంశెట్టి అవుతుంది, అక్కడి నుంచి యర్రంశెట్టి అవుతుంది. ఓరుగంటి వోరుగంటి, ఉప్పల వుప్పల, ఏలూరి యేలూరి అవుతాయి. మొత్తం తేడాల్లో అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే. ఎందుకంటే ఇది మొదటి అక్షరాన్నే మార్చేస్తుంది, పేర్ల సూచికలన్నీ మొదటి అక్షరం మీదే నడుస్తాయి. తెలుగు సూచికలో ఎ ఉన్న పేజీకి, య ఉన్న పేజీకి మధ్య పుస్తకంలో సగం దూరం ఉంటుంది. ఇంగ్లీషు సూచికలో ఈ (E), వై (Y), ఐ (I), మూడు అక్షరాల కిందా చూడాలి. ఓరుగంటి వారైతే ఓ, వి, డబ్ల్యూ చూడాలి.

రెండోది శ, స, చ. ‘శెట్టి’లోని శ పల్లెల్లో స గా పలుకుతారు, కాబట్టి బడి రిజిస్టరులో సెట్టి. మద్రాసు ప్రెసిడెన్సీ ఆఫీసుల్లో తమిళ గుమాస్తాలు చాలామంది ఉండేవారు. తమిళ లిపిలో చ, స లకు ఒకటే అక్షరం. పైగా ఆ పేరు వాళ్లకు ముందే ‘చెట్టి’గా అలవాటు. అందుకే ఇంగ్లీషులో సి, హెచ్ తో రాశారు. మీ పట్టా నకలులో జరిగింది ఇదే అయి ఉంటుంది. తమిళ లిపిలో క, గ లకూ, త, ద లకూ, ట, డ లకూ, ప, బ లకూ కూడా వేరు వేరు అక్షరాలు లేవు. గుండిమెడ కుండిమెడగా, దాసరి తాసరిగా కనిపిస్తే కంగారు పడకండి.

మూడోది ర, ఱ. పాతకాలపు రాతలో బండి ఱ ఉంటుంది, కొత్త రాతలో మామూలు ర. పలుకులో తేడా ఎప్పుడో పోయింది. అయితే కంప్యూటరుకు ఇవి రెండు వేరు అక్షరాలు. ఆన్‌లైన్‌లో తెలుగులో వెతికేటప్పుడు ర తో కొడితే ఱ ఉన్న పేరు రాదు. సున్నాతో రాసిన ‘రం’, పొల్లు మ తో రాసిన ‘రమ్’ కూడా దానికి వేరే. పేరులో సగం ముక్క కొట్టి వెతకడం మేలు. ‘శెట్టి’ అనో ‘సెట్టి’ అనో ఒక్కొక్కటే కొట్టండి, ముందున్న భాగం వదిలేయండి.

నాలుగోది, ఊరి పేర్ల నుంచి పుట్టిన ఇంటిపేర్లకు వచ్చే చిక్కు. కందుకూరు ఊరు, కందుకూరి ఇంటిపేరు. వేమూరు, వేమూరి అలాగే. తెలుగు తెలియని గుమాస్తా ఈ చివరి అచ్చును పట్టించుకోడు. అందువల్ల ‘కందుకూరు వెంకయ్య’ అని ఉంటే అది కందుకూరు ఊరి వెంకయ్యా, కందుకూరి వారి వెంకయ్యా అన్నది ఆ ఒక్క కాగితం చూసి చెప్పలేం.

ఇంగ్లీషు రాతకు కాలాన్ని బట్టి అలవాట్లు ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఉ కు డబుల్ ఓ, ఇ కి డబుల్ ఈ, అ కు యు అక్షరం, క కు సి అక్షరం వాడేవారు. కడపను సి, యు లతో, కాకినాడను ‘కొకనాడ’గా రాసిన కాలం అది. వెంకట లోని క కు బదులు సి కనిపిస్తే కాగితం బాగా పాతదని ఒక అంచనాకు రావచ్చు. పంతులు, నాయుడు, రెడ్డి లాంటి మాటలకూ ఒక్కోదానికి నాలుగైదు రాతలు ఉన్నాయి.

వెతికే ముందు ఒక కాగితం తయారు చేసుకోండి

పై మార్పులన్నీ మీ ఇంటిపేరుకు వర్తింపజేసి ఎన్ని రూపాలు వస్తాయో రాయండి. మొదటి అక్షరానికి మూడు రూపాలు (ఎ, యె, య), మధ్య భాగానికి రెండు (ఒక ర, రెండు ర లు), చివరికి మూడు (శెట్టి, సెట్టి, చెట్టి). మొత్తం పద్దెనిమిది. వీటిని మొదటి అక్షరం ప్రకారం గుంపులు చేసుకుంటే రికార్డు ఆఫీసులో సూచిక ముందు కూర్చున్నప్పుడు ఏ పేజీలు తిప్పాలో స్పష్టంగా ఉంటుంది.

వంశవృక్షాల వెబ్‌సైట్లు కొన్ని సౌండెక్స్ అనే పద్ధతి వాడతాయి. పేరు మొదటి అక్షరం అలాగే ఉంచి, తర్వాతి హల్లులను అంకెలుగా మార్చే పద్ధతి అది. అమెరికాలో 1918లో పేటెంటు అయింది. అందులో వై తో మొదలయ్యే మీ ఇంటిపేరు వై 652 అవుతుంది, సెట్టి అని రాసినా చెట్టి అని రాసినా అదే వస్తుంది. అంతవరకు మేలే. కానీ ఈ (E) తో మొదలైతే ఈ 652, ఐ తో అయితే ఐ 652. అంటే మన పేర్లలో ఎక్కువగా మారే మొదటి అక్షరం దగ్గరే అది చేతులెత్తేస్తుంది. మూడుసార్లు విడివిడిగా వెతకాల్సిందే. నక్షత్రం గుర్తు (* అంటే అక్కడ ఏ అక్షరమైనా సరే అని) ఒప్పుకునే సైట్లలో అయితే మొదటి అక్షరం బదులు దాన్ని పెట్టి వెతకండి.

ఏ రాతకు ఎంత విలువ ఇవ్వాలి

ప్రతి కాగితం దగ్గరా రెండు విషయాలు చూడండి: పేరు చెప్పింది ఎవరు, రాసింది ఎవరు. దస్తావేజు కింద ముత్తాతగారి సంతకం ఉంటే ఆ సంతకంలోని రూపమే ఆయన తన పేరు రాసుకున్న తీరు. పైన దస్తావేజు పాఠంలో ఉన్నది లేఖరి రాత. ఒకే దస్తావేజులో పైన ‘యర్రంశెట్టి’, కింద సంతకంలో ‘ఎఱ్ఱంశెట్టి’ ఉండటం మామూలే. సంతకం లేకుండా ‘నిశాని’ అని ఉండి వేలిముద్ర ఉంటే, దాని చుట్టూ రాసిన పేరు కూడా లేఖరిదే. అప్పుడు ఆ స్పెల్లింగుకు ప్రత్యేకమైన విలువ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే సర్టిఫైడ్ కాపీ మీకు తెచ్చిపెట్టేది పాత రోజుల్లో గుమాస్తా పుస్తకంలోకి చేత్తో ఎక్కించిన నకలును. సంతకం కూడా ఆ గుమాస్తా రాసిందే. అసలు సంతకం మీ ఇంట్లోనో, కొన్నవాళ్ల ఇంట్లోనో ఉన్న మూల దస్తావేజులోనే ఉంటుంది. పొలం కొన్నది వెంకయ్యగారైతే మూల దస్తావేజు మీ ఇంట్లో ఉండాలి. దాని మీద సంతకం అమ్మినవాళ్లది. వెంకయ్యగారి సంతకం కావాలంటే ఆయన అమ్మిన, తనఖా పెట్టిన పత్రాలు చూడాలి.

భూమి దారి

మీకు ఎక్కువ పని చేసేది ఇదే. 1932 దస్తావేజు తీసి షెడ్యూలు, అంటే ఆస్తి వివరాలు రాసిన భాగం చూడండి. సాధారణంగా ఇలా ఉంటుంది: ‘ఫలానా తాలూకా, ఫలానా సబ్‌రిజిస్ట్రీ, ఫలానా గ్రామంలో ఆర్.ఎస్. (రీసర్వే) నంబరు ఇంతలో య (ఎకరాలు) 1-20 సెంట్లు భూమికి హద్దులు: తూర్పు, పంట బోదె, దక్షిణం, ఫలానా వారి భూమి, పడమర, మా తమ్ముని భూమి, ఉత్తరం, డొంక.’ ఈ నాలుగు వాక్యాల్లో ఉన్న సమాచారం పేరు కన్నా ఎక్కువ. పడమర హద్దులో ఉన్న తమ్ముడు ఎవరో తేలితే ఇంకొక కొమ్మ దొరికినట్టే.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి. దానికి రెండు సూచికలు. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్ల ప్రకారం, రెండో ఇండెక్సు ఆస్తి ప్రకారం. పేరు మారిపోయిన మనిషిని వెతకడానికి రెండో ఇండెక్సు వాడాలి. ఊరు, సర్వే నంబరు ఇస్తే ఆ భూమి మీద నమోదైన లావాదేవీలు బయటికి వస్తాయి, ఇంటిపేరు ఏ రూపంలో ఉన్నా సరే. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఒక ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా) అడిగినా జరిగేది ఇదే. ఆన్‌లైన్ ఈసీ సాధారణంగా 1983 నుంచే వస్తుంది. అంతకుముందు కాలానికి ఆఫీసులో మాన్యువల్ ఈసీకి దరఖాస్తు పెట్టాలి. కాలం కనీసం ముందూ వెనకా ముప్ఫై ఏళ్లు అడగండి. 1932 కొనుగోలుకు ముందు ఆ భూమి ఎవరిదో, తర్వాత ఎవరికి పోయిందో రెండూ కావాలి.

1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసినవారు చనిపోయాక వాటి నకలు ఎవరైనా అడగవచ్చు. నాలుగో పుస్తకంలోని ఇతర పత్రాల నకళ్లు మాత్రం రాసినవారికి, హక్కుదారులకు, వాళ్ల ప్రతినిధులకే ఇస్తారు. అక్కడ మీరు వారసులని చూపించాలి. ఈ తేడా తెలియక మొదటి రోజే ‘ఇవ్వం’ అన్నారని వెనక్కి వచ్చేసేవాళ్లు ఎక్కువ.

అన్ని దస్తావేజుల్లోకీ వంశం కోసం వెతికేవారికి బంగారం లాంటివి రెండు. ఒకటి భాగపంపకాల దస్తావేజు, దీన్నే పారీఖత్తు అంటారు. అన్నదమ్ములందరి పేర్లు, తండ్రి పేరు, ఒక్కోసారి చనిపోయిన అన్న పిల్లల పేర్లు, గార్డియను పేరు, అన్నీ ఒకేచోట ఒకే లేఖరి చేతిరాతలో ఉంటాయి. రెండోది ఆడపిల్లకు పసుపుకుంకుమ కింద భూమి ఇచ్చిన పత్రం. అందులో పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు రెండూ వస్తాయి. ఆడవాళ్లు పెళ్లితో ఇంటిపేరు మారి రికార్డుల్లో కనబడకుండా పోతారు కాబట్టి ముత్తవ్వగారి పుట్టింటిని పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి కాగితం అరుదు.

రెవెన్యూ వైపు వస్తే, రైత్వారీ గ్రామానికి, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టిన గ్రామానికి రీసెటిల్‌మెంటు రిజిస్టరు ఉంటుంది. ఆఫీసుల్లో ఆర్‌ఎస్‌ఆర్ అనీ, డైగ్లాట్ అనీ అంటారు. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లోనూ ఉంటుంది కాబట్టి ఆ పేరు. సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు రాసి ఉంటుంది. మీ ఇంగ్లీషు పట్టాలోని ‘యెరమ్‌చెట్టి’ తెలుగులో ఏమిటో దీనితో పోల్చి తేల్చుకోవచ్చు. ఒకే పట్టా నంబరు కింద రెండు రూపాలూ కనిపిస్తే ఆ రెండు స్పెల్లింగులూ ఒక్క మనిషివే అనడానికి అంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

సర్వే నంబరు కూడా మారుతుందని గుర్తుంచుకోండి. సర్వేకు ముందు పైమాషీ నంబర్లు ఉండేవి. తర్వాత సర్వే, ఆ తర్వాత రీసర్వే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి. పాత నంబరును కొత్త నంబరుతో కలిపే కో-రిలేషన్ స్టేట్‌మెంటు అడిగి తీసుకోకుండా ముందుకు వెళ్తే పక్కవాళ్ల పొలం చరిత్ర చదువుకుంటూ కూర్చుంటారు.

మీ ఊరు జమీందారీ గ్రామమో, ఇనాం గ్రామమో (శిస్తు లేకుండానో, తగ్గించో ఇచ్చిన మాన్యం) అయితే దారి మారుతుంది. జమీందారీ గ్రామాలకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే రైత్వారీ సెటిల్‌మెంటు జరిగింది. అంతకుముందు జమీందారుకు, రైతుకు మధ్య నడిచిన పట్టా, ముచ్చిలిక కాగితాలే దిక్కు. అవి ఇళ్లలో ఇనప్పెట్టెల్లో దొరుకుతాయి. ఇనాం భూమి అయితే మీ అదృష్టం. 1858లో ఏర్పాటైన ఇనాం కమిషన్ తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో మొదట ఇనాం ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, అతని వయసు, మొదటి ఇనాందారుకు అతను ఏమవుతాడు అన్న వివరాలు ఉంటాయి. ఒక్క వరుసలో రెండు మూడు తరాలు వచ్చేస్తాయి. ఇంగ్లీషు చేతిరాత, పాత స్పెల్లింగు. చదవడానికి ఓపిక కావాలి. రాష్ట్ర ఆర్కైవ్స్‌లో గ్రామం, పాత తాలూకా పేరు చెప్పి నకలు అడగాలి.

పాత తాలూకా అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మీ ఊరు ఇప్పుడు కోనసీమ జిల్లా. 2022కు ముందు తూర్పు గోదావరి. 1925కు ముందు గోదావరి జిల్లా. 1859కి ముందు రాజమండ్రి జిల్లా. మండలాలు వచ్చింది 1985లో. పాత కాగితం ఏ జిల్లా పేరు కింద కట్టలు కట్టారో ఆ పేరుతోనే అడగాలి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల పరిధులు కూడా మధ్యలో మారాయి. 1932లో మీ ఊరు ఏ ఆఫీసు కింద ఉండేదో ఆ దస్తావేజు మీది ముద్రే చెప్తుంది.

తేదీలు

పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మద్రాసు వైపు జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1342 అంటే 1932 జూలై నుంచి 1933 జూన్ దాకా. ఇంట్లో దొరికే చీటీల్లో తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే జాగ్రత్త. ఆంగీరస అంటే 1932 కావచ్చు, అరవై ఏళ్లు వెనక్కి 1872 కూడా కావచ్చు. తాత, మనవడు ఇద్దరూ వెంకయ్యలే అయిన ఇంట్లో ఈ అరవై ఏళ్ల పొరపాటు నేరుగా వంశవృక్షాన్నే తప్పుదోవ పట్టిస్తుంది.

తెలంగాణ వైపు బంధువులు ఉంటే

నిజాం రాజ్యంలో రెవెన్యూ రికార్డు ఉర్దూలో నడిచింది. ఉర్దూ రాతలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు. ఎ, ఇ, అ మూడూ మొదట్లో ఒకే అలిఫ్‌తో వస్తాయి. ద్విత్వం గుర్తు వదిలేస్తారు. ళ, ణ ఉండవు. గొలుసుకట్టు రాతలో చుక్కలు కూడా సరిగా పెట్టకపోతే బ, ప, త, న ఒకదానికొకటిగా కనిపిస్తాయి. తర్వాత ఎవరో దాన్ని తెలుగులోకి ఎక్కించినప్పుడు ఎర్రం ఇరం అవుతుంది, కొండ కుండ అవుతుంది. సేత్వార్ (సర్వే తర్వాత తయారైన భూమి రిజిస్టరు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి అనుభవంలో ఉందో చూపే రికార్డు) తీసుకుంటే తెలుగు తర్జుమా ఒక్కటే చాలనుకోకుండా ఉర్దూ మూలం నకలు కూడా తీసుకుని, పాత రెవెన్యూ ఉర్దూ చదివినవారి చేత చదివించండి.

సముద్రం దాటిన కొమ్మ

నటాల్, మారిషస్, ఫిజీ వెళ్లిన కూలీల పట్టికల్లో ఇంటిపేరు చాలావరకు ఉండనే ఉండదు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. అక్కడ స్థిరమైనది కూలీకి ఇచ్చిన నంబరు. పేరు తర్వాతి కాగితాల్లో ఎన్ని రూపాలు మారినా నంబరు మారదు. తర్వాతి తరాల్లో ముత్తాత అసలు పేరే ఇంటిపేరుగా స్థిరపడిపోవడం సర్వసాధారణం కాబట్టి అక్కడి బంధువుల ఇంటిపేరును ఇక్కడ ఇంటిపేర్లలో వెతికితే దొరకదు, అసలు పేర్లలో వెతకాలి. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

తప్పుడు కలయికలు

స్పెల్లింగు వేరని అసలు మనిషిని వదిలేయడం ఒక తప్పు. స్పెల్లింగు ఒకటని వేరే మనిషిని తెచ్చి కలుపుకోవడం అంతకన్నా పెద్ద తప్పు, ఎందుకంటే దాన్ని తర్వాత ఎవరూ సరిచూడరు.

పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం మన ఆచారం. వెంకయ్యకు నలుగురు కొడుకులుంటే నలుగురి ఇళ్లలోనూ ఒక్కో వెంకయ్య ఉంటాడు, అందరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు, దాదాపు ఒకే వయసు. వీళ్లను విడదీసేది తండ్రి పేరొక్కటే. తండ్రి పేరు లేని కాగితాన్ని ఎంత ఆశ కలిగించినా ‘పెండింగు’లో పెట్టండి. ‘పెద వెంకయ్య’, ‘చిన వెంకయ్య’ అని ఉంటే ఆ పెద, చిన లను అలాగే రాసుకోండి. అవి అలంకారానికి రాసినవి కావు.

ఒకే ఇంటిపేరు వేరు వేరు కులాల్లో, వేరు వేరు గోత్రాల్లో ఉంటుంది, ముఖ్యంగా ఊరి పేర్ల నుంచి వచ్చినవి. అందుకే గోత్రం కూడా సరిచూడండి. ఇంట్లో తద్దినాలు పెట్టే ఆచారం ఉంటే అందులో గోత్రంతో పాటు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్తారు. పెట్టే మనిషి పెద్దవాడైతే ఆ మూడు పేర్లే మిమ్మల్ని 19వ శతాబ్దానికి తీసుకెళ్తాయి. ఆయన నోటితో చెప్పించి రికార్డు చేసి పెట్టుకోండి. కాశీ, గయల్లో తెలుగు యాత్రికులను చూసుకునే పురోహితుల దగ్గర ఊళ్లవారీ పుస్తకాలు ఉంటాయి. వచ్చినవారు స్వయంగా పేర్లు రాసి సంతకం పెట్టిన పేజీలు వాటిలో ఉంటాయి కాబట్టి స్పెల్లింగు విషయంలో కూడా వాటికి మంచి విలువ ఉంది.

దత్తత అయితే ఇంటిపేరే మారిపోతుంది. ఒక తరం దగ్గర ఇంటిపేరు ఉన్నట్టుండి వేరే మాటగా మారి, భూమి మాత్రం అదే ఉంటే స్పెల్లింగు కోసం కుస్తీ పట్టకుండా దత్తత పత్రం కోసం చూడండి. ఇల్లరికం వేరు. ఇల్లరికపుటల్లుడు మామగారి భూమి పొందినా సాధారణంగా తన ఇంటిపేరు తనే ఉంచుకుంటాడు, పుట్టింటి ఆస్తిలో హక్కు కూడా పోదు. కాబట్టి భూమి చేతులు మారి ఇంటిపేరు పూర్తిగా వేరైతే అమ్మకమే అనుకోవద్దు. ఆ కొత్త మనిషి పెళ్లి ఎవరి కూతురితో జరిగిందో చూడండి.

ఒకరే అని ఎప్పుడు ఒప్పుకోవాలి

ఊరు, తండ్రి పేరు, సర్వే నంబరు లేదా హద్దులు, ఈ మూడూ కలిస్తే ఇంటిపేరు ఎంత తేడాగా ఉన్నా ఒకరే అని రాసుకోండి. మూడింట్లో రెండు కలిసి, మూడోది కాగితంలో లేకపోతే ‘బహుశా’ అని రాసుకోండి. మూడోది ఉండి, అది ఎదురు చెప్తుంటే, అంటే తండ్రి పేరు వేరే ఉంటే, కలపొద్దు. వయసు ఐదారేళ్లు అటూ ఇటూ ఉండటం అడ్డంకి కాదు, పాత కాగితాల్లో వయసు అంచనాగా ‘సుమారు 40’ అనే రాసేవారు. పదిహేనేళ్లు తేడా ఉంటే మాత్రం తరం మారిందేమో చూడండి.

రాసుకునేటప్పుడు ప్రతి కాగితంలోని పేరును అందులో ఉన్నట్టే అక్షరం మార్చకుండా ఎక్కించండి. ‘సరిచేసిన’ రూపం కోసం పక్కన ఇంకో గడి పెట్టుకోండి. వంశవృక్షంలో మీకు నచ్చిన ఒక రూపం వాడుకోవచ్చు, కానీ మూలం రాత పోకూడదు. రేపు ఇంకో కాగితం బయటపడినప్పుడు పోల్చుకోవడానికి అదే కావాలి. ఫొటో తీస్తే పేరున్న వరుస ఒక్కటే కాదు, మొత్తం పేజీ తీయండి. పై వరుసల్లో అదే గుమాస్తా ఎ, య లను ఎలా రాశాడో చూస్తేనే మీ వరుసలోని అక్షరం ఏదో తెలుస్తుంది.

మీ విషయంలో ఇప్పుడు చేయాల్సింది: 1932 దస్తావేజు షెడ్యూలులోని సర్వే నంబరుతో 1900 నుంచి 1965 దాకా మాన్యువల్ ఈసీకి దరఖాస్తు పెట్టండి, తహసీల్దారు ఆఫీసులో అదే నంబరుకు ఆర్‌ఎస్‌ఆర్ నకలు అడగండి. దరఖాస్తులో ఇంటిపేరు గడి దగ్గర ఒక్క రూపమే రాసి ఊరుకోకుండా ‘ఎర్రంశెట్టి లేదా యర్రంశెట్టి లేదా యెర్రంసెట్టి’ అని రాసి, కింద ‘పేరు తేడా ఉన్నా సర్వే నంబరు ప్రకారం వెతకవలెను’ అని ఒక వాక్యం చేర్చండి. ఈసీలో భాగపంపకాల దస్తావేజు ఏదైనా కనిపిస్తే మిగతా వాటికన్నా ముందు దాని సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. వెంకయ్యగారి తండ్రి పేరు అందులో ఉండే అవకాశం ఎక్కువ. ఆ పేరు దొరికాక ఆయన తరానికి ఇదే పద్ధతి మళ్లీ మొదటి నుంచి చేయాలి, ఈసారి ఇంగ్లీషులో సి అక్షరాలు, డబుల్ ఓ లు ఇంకా ఎక్కువగా ఎదురవుతాయి.